పాప గౌనుకి రిబ్బను: కొస సంగతి



కుట్టుపని గురించి రేడియోలో చెప్పడం కొంచెం కష్టమే. చేత్తో చూపిస్తే చిటికెలో అర్థమయ్యేది మాటల్లో పెడితే సాగుతుంది. అందుకని ముందే ఒక చిన్న సాయం అడుగుతున్నాను. ఇంట్లో ఎక్కడైనా జానెడు రిబ్బను ముక్క ఉంటే తెచ్చుకోండి. అమ్మాయి జడకి కట్టేదైనా పరవాలేదు, మ్యాచింగ్ సెంటర్లో కొని మిగిలిపోయిందైనా పరవాలేదు. నేను చెబుతుంటే మీరు దాన్ని వేళ్ళతో తిప్పి చూస్తూ ఉంటే నా పని సగం తగ్గుతుంది.

ఇంట్లో కుట్టుకునే పిల్లల బట్టలకి రిబ్బను వేసినప్పుడు దాని కొసలు పోగులు ఊడకుండా చూసుకోవడం ఎలా అన్నది ఇవాళ్టి విషయం. ఇంత చిన్నదానికి ప్రసంగమా అనుకోకండి. పాప పుట్టినరోజుకని ముచ్చటపడి గౌను కుడతాం. గుడ్డ మంచిదే, కొలత కుదిరింది, నడుము దగ్గర కుచ్చులు చక్కగా పడ్డాయి. రెండు ఉతుకులు అయ్యేసరికి బో కొసలు చీపుర్లలా విచ్చుకుపోతాయి. అప్పటినుంచి ఆ గౌను ఇంట్లో కట్టుకునే బట్టల్లోకి వెళ్ళిపోతుంది. గుడ్డ పాడవలేదు, రంగు పోలేదు. పాడయింది అరంగుళం రిబ్బను.

చాలామంది గౌనంతా కుట్టేసి, రిబ్బను కూడా వేసేసి, ఆఖర్న మిగిలిన కొస పట్టుకుని దీన్నేం చేద్దామా అని చూస్తారు. అప్పటికి చేయగలిగింది కాల్చడమో, ఏదో ఒకటి పూయడమో తప్ప మరొకటి ఉండదు. కొస ఎక్కడికి పోవాలో రిబ్బను కత్తిరించకముందే తేల్చుకోవాలి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు మీ చేతిలో ముక్క చూడండి. పొడుగునా ఉన్న రెండు అంచులూ గట్టిగా ఉంటాయి. గోటితో గీకినా పోగు రాదు. అదే అడ్డంగా కత్తిరించిన కొసని గీకండి. ఒక పోగు చేతికొస్తుంది. లాగితే ఆ అంచు నుంచి ఈ అంచు దాకా మొత్తం ఊడి వచ్చేస్తుంది. దాని వెనకే ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది.

మగ్గం ఉన్న ఇళ్ళవాళ్ళకి దీని కారణం చెప్పక్కర్లేదు. రిబ్బను కూడా నేసిన గుడ్డే, కాకపోతే వెడల్పు అంగుళమో అరంగుళమో ఉంటుంది. పొడుగు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. పేక ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్ళి, అక్కడ తిరిగి, మళ్ళీ వెనక్కి వస్తుంది. అంచుకి బలం ఆ తిరుగుడుతోనే వస్తుంది. కత్తెర పడినచోట చివరి పేకకి అవతలి పక్క అడ్డేమీ ఉండదు కాబట్టి పడుగు మీదుగా జారి బయటికొచ్చేస్తుంది. అలా నాలుగు పేకలు పోతే పడుగు పోగులు పట్టు లేకుండా వేలాడతాయి. మనం పోగులు లేచాయనేది వాటినే.

శాటిన్ రిబ్బనుతో ఈ బాధ మరీ ఎక్కువ. మామూలు సాదా నేతలో ప్రతి పోగూ ఒకదాని మీదుగా, ఒకదాని కిందగా పోతుంది. శాటిన్‌లో పడుగు పోగు నాలుగైదు పేకల్ని ఒక్కసారే దాటి, ఆ తర్వాత గాని కిందికి దూరదు. ఆ పొడుగాటి దాటు మీద వెలుతురు పడితేనే మెరుపు. అల్లిక తక్కువ కావడం వల్ల పట్టు తగ్గడమూ దానివల్లే. మెరుపు కావాలంటే ఊడటం కూడా కొనుక్కున్నట్టే. అడ్డంగా సన్నటి గట్లు గట్లుగా ఉండే రిబ్బను ఒకటి దొరుకుతుంది, గ్రోగ్రెయిన్ అంటారు. అది సాదా నేత, దట్టంగా ఉంటుంది. అంత మెరవదు గాని కొస నిదానంగా ఊడుతుంది, సూది గుచ్చినా చిల్లులు కనపడవు. నన్నడిగితే రోజూ వేసే గౌన్లకి అదే మేలు. శాటిన్ పండగ గౌనుకి ఉంచుకోవచ్చు.

కొట్లో ఇంకొకటి గమనించండి. బహుమతి డబ్బాలకీ పూలగుత్తులకీ కట్టే రిబ్బన్లలో చాలావాటికి అసలు అంచే ఉండదు. వెడల్పాటి గుడ్డని వేడిగా చీల్చి చుట్టలు చుడతారు. చూడటానికి శాటిన్ లాగే ఉంటుంది, చవక కూడా. ఉతికితే కొస ఒక్కటే కాదు, పక్కల నుంచి కూడా ఊడుతుంది. అంచుల్లో సన్నటి తీగ పెట్టినవి కూడా వస్తాయి, బో నిలబడటానికి. ఈ రెండూ పిల్లల బట్టలకి పనికిరావు. తీగ అయితే ఎప్పుడో ఒకప్పుడు బయటికి పొడుచుకొస్తుంది.

సరే, కాల్చడం దగ్గరికి వద్దాం. రిబ్బను అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది కొవ్వొత్తి. స్కూలుకి వెళ్ళే పిల్లల జడ రిబ్బన్లకి తెల్లారే హడావిడిలో అమ్మలు చేసే పనే. కొస మంటకి చూపిస్తే పోగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. తేలికైన ఉపాయమే. కానీ అన్ని రిబ్బన్లూ కరగవు. నైలాను, పాలియెస్టరు కరుగుతాయి. నూలు, రేయాన్ కాలిపోతాయి, కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. అసలు పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే చాలావరకు ఆరిపోతుంది. పాలియెస్టరు కొస ముడుచుకుని, చిన్న గట్టి పూసలా తేలుతుంది. అందుకని కొత్త రిబ్బను కొన్నప్పుడు ముందు అంగుళం ముక్క కత్తిరించి పట్టకారుతో పట్టుకుని, ఇనప పళ్ళెం మీద కాల్చి చూడండి. షాపువాళ్ళు సిల్కు అన్నంత మాత్రాన అది పట్టు అనుకోనక్కర్లేదు. ఆ ముక్క కాలే తీరే అసలు సంగతి చెబుతుంది.

ఈ కొవ్వొత్తి ఉపాయం మనం అనుకున్నంత పాతదేం కాదు. అమెరికాలో డూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాను తయారు చేసింది 1935లో. ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలియెస్టరు పోగు కనిపెట్టింది 1941లో. మన పెద్దవాళ్ళు టెరిలిన్ చొక్కా అని గొప్పగా చెప్పుకున్నది దాన్నే. అంతకు ముందు రిబ్బనంటే ఎక్కువగా పట్టు, లేకపోతే నూలు. ఫ్రాన్సులో సాంతెతియెన్, స్విట్జర్లండులో బాసెల్, ఇంగ్లండులో కొవెంట్రీ, ఇవి రిబ్బన్లు నేసి బతికిన ఊళ్ళు. 1860లో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ కుదిరిన వర్తక ఒప్పందంతో ఫ్రెంచి పట్టు మీద సుంకం పోయేసరికి కొవెంట్రీ మగ్గాలు కుదేలయ్యాయి. అక్కడ థామస్ స్టీవెన్స్ అనే ఆయన రిబ్బను మగ్గం మీదే పుస్తకంలో పెట్టుకునే బొమ్మల పట్టీలు నేయించి నిలదొక్కుకున్నాడు. ఈ కథ ఇప్పుడెందుకంటే, ఆ రిబ్బన్లు వాడిన కాలంలో ఎవరూ కొస కాల్చలేదు. కాల్చితే రిబ్బను పోయేది. మడిచి, సూదితో కుట్టారు. నైలాను రాకముందు పనికొచ్చిన ఆ పద్ధతి ఇప్పటికీ అన్ని రిబ్బన్లకీ పనికొస్తుంది. కాల్చడం కొన్నింటికే.

అయినా కాల్చడం తెలిసుండాలి, అవసరం పడుతుంది. ముందుగా ఫ్యాను ఆపండి. పిల్లల్ని పక్క గదిలోకి పంపండి. చీర కొంగు నడుములో దోపుకోండి. దగ్గర్లో ఒక గిన్నెలో నీళ్ళు పెట్టుకోండి. రిబ్బనుని మాత్రం గౌనుకి కుట్టకముందే కాల్చండి, కుట్టాక కాదు. కత్తెర పదునుగా ఉండాలి. కాగితాలు కత్తిరించి మొద్దుబారిన కత్తెరతో కోస్తే కొస ముందే నలిగి, కరిగించినా వంకరటింకరగా తేలుతుంది. కొవ్వొత్తి మంటలో పసుపు పచ్చగా ఊగే పై భాగం మసి పట్టిస్తుంది. కింద వత్తి దగ్గర నీలంగా ఉండేచోటికి పక్కనుంచి చూపించాలి. రిబ్బను మంటలో పెట్టక్కర్లేదు, మంట పక్కన పెడితే చాలు, వేడికే కరుగుతుంది. ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కసారి లాగి తీసేయండి. ఆగితే ముడుచుకుంటుంది, తెల్ల రిబ్బను అయితే గోధుమరంగు గీత పడుతుంది. మంట భయం ఉన్నవాళ్ళు వెలిగించిన అగరొత్తి కొనతో కొస వెంబడి నెమ్మదిగా రాయవచ్చు. కొంచెం టైము పడుతుంది గాని చేతి అదుపులో ఉంటుంది. కరిగిన కొసని వెంటనే వేలితో నొక్కకండి. కరిగిన పాలియెస్టరు చర్మానికి అంటుకుని కాలుస్తుంది.

ఇంత చెప్పాక, చంటిపిల్లల బట్టల్లో కాల్చిన కొసని ఒంటికి తగిలేలా వదలొద్దంటాను. ఎందుకో మీరే చూడండి. కాల్చిన కొస చల్లారాక మీ చేతి వెనక వైపు రాసుకోండి. గరుగ్గా గీసుకుంటుంది కదూ. మన చర్మానికే అలా ఉంటే మెడ మడతల్లో చెమట పట్టే మూణ్ణెల్ల పాపకి ఎలా ఉంటుంది? కాల్చిన కొసని మడత లోపలికో కుట్టు లోపలికో పంపించాలి. కరిగించడం పోగుల్ని ఆపడానికి, దాచడం పాప చర్మం కోసం. రెండూ కావాలి.

అన్నిటికంటే మంచి చోటు బట్టలోనే ఉంది. గౌను పక్క కుట్టు. చాలామంది గౌను పక్కలు కలిపేశాక కింద అంచుకి చుట్టూ రిబ్బను వేస్తారు. అప్పుడు రిబ్బను మొదలూ చివరా ఎక్కడో ఒకచోట కలవాలి, అక్కడ కొస బయటికి కనపడాలి. పని వరస మార్చండి. ఒక పక్క కుట్టు వేయకుండా ఉంచండి. గౌను కింది భాగం పరుపులా నేల మీద పరుచుకుంటుంది. దాని మీద రిబ్బను ఈ చివర నుంచి ఆ చివరకి సాఫీగా వేసి కుట్టండి. ఆ తర్వాత ఆ పక్క కలపండి. రిబ్బను రెండు కొసలూ గుడ్డతో పాటు కుట్టులోకి వెళ్ళిపోతాయి. లోపల మిగిలిన మార్జిన్‌కి ఓవర్‌లాక్ చేయిస్తే సరి. ఓవర్‌లాక్ మిషను అందుబాటులో లేకపోతే, ముందు గుడ్డ మంచివైపు బయటికి ఉంచి సన్నగా ఒక కుట్టు వేసి, మార్జిన్ పావంగుళంలోపు కత్తిరించి, తిరగేసి రెండో కుట్టు వేయండి. ఫ్రెంచ్ సీమ్ అంటారు దీన్ని. పోగులన్నీ రెండు కుట్ల మధ్య ఖైదు. పలచటి వాయిల్, మల్లు గుడ్డలకి ఇది చాలా బాగుంటుంది, లోపల చంటిపిల్ల ఒంటికి ఏదీ గుచ్చుకోదు. చేతులకీ ఇంతే. చెయ్యి పక్క కలపకముందే రిబ్బను వేయాలి. మెడ పట్టీకి వేస్తే రిబ్బను కొసలు వెనక బొత్తాం పట్టీ మడతలోకి పోవాలి.

పక్కలు కలిపేసిన గౌనుకే వేయాల్సి వస్తే, లేదా కొన్న గౌనుకి వేస్తుంటే, మొదలు పెట్టే చోటు పక్క కుట్టు దగ్గరే ఎంచుకోండి. మొదటి కొస చదునుగా పెట్టి కుట్టు మొదలుపెట్టండి. చుట్టూ తిరిగి వచ్చాక, రెండో కొసని అరంగుళం లోపలికి మడిచి, మొదటి కొస మీద అరంగుళం ఎక్కించి, అడ్డంగా దగ్గర దగ్గరగా రెండు కుట్లు వేయండి. మొదటిది రెండోదాని కింద దాగుతుంది, రెండోది తన మడతలోనే దాగుతుంది. బయటికి కనపడేది మడత గీత ఒక్కటే.

రిబ్బను కుట్టేటప్పుడు రెండు అంచులూ ఒకే దిక్కున కుట్టాలి. ఒక అంచు కిందికి కుట్టుకుంటూ వచ్చి, రెండో అంచు పైకి కుట్టుకుంటూ పోతే రిబ్బను మెలిపడి ఏటవాలు ముడతలు వస్తాయి. మళ్ళీ మొదటికి వచ్చి అదే దిక్కున కుట్టండి. సూది 11 నంబరు చాలు. 16 నంబరు సూది శాటిన్‌లో పెద్ద చిల్లులు చేస్తుంది, ఒకసారి పడిన చిల్లు ఇస్త్రీ చేసినా పోదు. అందుకే గుండుసూదులు కూడా రిబ్బను మధ్యలో గుచ్చకుండా అంచు వెంబడి గుచ్చండి, లేదా కచ్చా కుట్టు వేసుకోండి. గుండ్రటి మెడకీ గుండ్రటి కాలరుకీ వెడల్పు రిబ్బను తిరగదు, ఎంత లాగినా. అక్కడ సన్నటి బేబీ రిబ్బను వేసి మధ్యలో ఒక్క కుట్టు కుట్టండి. లేదా రిబ్బను మానేసి క్రాస్ పీసు, అంటే ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ పట్టీ, వేసుకోండి. క్రాస్ పీసు చేయాల్సిన పని రిబ్బనుతో చేయించాలని పట్టుబట్టడం దండగ.

మరి బో? పిల్లల గౌనుకి బో లేకపోతే ఎలా అంటారు. నిజమే. కానీ బోకి తోకలు ఉండి తీరాలని ఎక్కడా లేదు. ఆరంగుళాల రిబ్బను తీసుకోండి. రెండు కొసల్నీ మధ్యకి మడిచి, ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కించి కుట్టండి. రెండు వైపులా రెండు ఉంగరాలు వచ్చాయి, కొసలు రెండూ వెనక మధ్యలో ఉన్నాయి. ఇప్పుడు ఇంకో చిన్న ముక్కని బో నడుము దగ్గర పట్టీలా చుట్టి, దాని కొసలు కూడా వెనకే కలిపి కుట్టండి. గౌనుకి కుట్టినప్పుడు ఆ వెనక భాగం గుడ్డకి ఆనుతుంది. ఊడటానికి బయట ఒక్క కొస కూడా లేదు. బోని దాని నడుము దగ్గర గట్టిగా, రెండు ఉంగరాల దగ్గర తలో రెండు కుట్లు వేసి బిగించండి, పాప వేలు దూర్చి లాగకుండా.

వెనక కట్టుకునే పొడుగు రిబ్బనుకి, అంటే నడుము పట్టీకి, తోకలు తప్పవు. దానికి నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. చేతిలో రిబ్బను ఉన్నవాళ్ళు చేసి చూడండి. రిబ్బనుని పొడుగునా సగానికి మడవండి, మెరిసే వైపు లోపలికి ఉండాలి. రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి కదా. ఇప్పుడు కొస దగ్గర పావంగుళం వదిలి అడ్డంగా కుట్టు వేయండి, మొదట్లో, చివర్లో మిషను వెనక్కి తిప్పి గట్టిచేయండి. మడత వైపు మూల కొంచెం కత్తిరించి, తిరగేయండి. కొస కోణంగా, టై చివరలా తయారవుతుంది. కత్తిరించిన పోగులన్నీ ఆ కోణం లోపలికి వెళ్ళాయి. వెనక వైపు కోణం రెండు రెక్కల్నీ సన్నగా హెమ్మింగ్ చేసేస్తే ఉతికినప్పుడు తిరగబడదు. అంగుళంన్నర, రెండంగుళాల వెడల్పు రిబ్బనుకి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. సన్న రిబ్బనుకి ఇంత అక్కర్లేదు. కొస కాస్త కరిగించి, రెండు మడతలు మడిచి, ఒంటి పోగుతో హెమ్మింగ్ చేస్తే చాలు. ఓపిక ఉన్నవాళ్ళు కొస మీద దగ్గర దగ్గరగా కాజా కుట్టు వేస్తారు. పట్టు రిబ్బనుకీ నూలు రిబ్బనుకీ అది బాగుంటుంది.

ఏటవాలుగా కత్తిరిస్తే ఊడదంటారు కొందరు. నిదానంగా ఊడుతుంది, అంతే. బహుమతి పెట్టెకి అది చాలు, ఉతికే గౌనుకి చాలదు. గోళ్ళరంగు పూయడం మరో ఉపాయం. పారదర్శకమైన గోళ్ళరంగు కొస మీద పూస్తే పోగులు నిలుస్తాయి, నిజమే. కానీ గట్టిపడి గీసుకుంటుంది, రిబ్బను మీద తడి మరకలా ఛాయ మిగులుతుంది. ఎసిటేట్ రకం రిబ్బను అయితే గోళ్ళరంగులో ఉండే ద్రావకానికి అదే కరిగిపోతుంది. కొసలకి పూయడానికని విడిగా అమ్మే ద్రవం దీనికంటే నయం, అయినా ముందు ముక్క మీద పూసి, ఉతికి చూడాలి. వేడి జిగురు తుపాకీతో అంటించే బోలు తలక్లిప్పులకి పనికొస్తాయి. బట్టల మీద వద్దు. ఇస్త్రీ పెట్టె తగిలితే ఆ జిగురు మళ్ళీ కరుగుతుంది.

రిబ్బను బదులు లేసు వేసేవాళ్ళకి రెండు మాటలు. నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ళు చేత్తో అల్లే క్రోషే లేసు చిన్నపిల్లల గౌన్లకి ఎంతో అందం. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని కొవ్వొత్తికి చూపించకండి, నూలు కదా, అంటుకుంటుంది. పైగా అది నేసింది కాదు, ఒకే దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా అల్లింది. ఒకచోట కత్తెర పడితే ఉచ్చు వెంట ఉచ్చు జారిపోతుంది. కోయాల్సిన చోటికి రెండు పక్కలా ముందు మిషను కుట్టు వేసి, ఆ తర్వాత మధ్యలో కోయండి. పట్టు పరికిణీ జాకెట్టు చేతులకి వేసే జరీ లేసుది ఇంకో తలనొప్పి. ఇప్పుడొచ్చే జరీలో చాలాభాగం ప్లాస్టిక్ పొర మీద మెరుపు పూసినదే. కాలిస్తే నల్లటి గట్టి ముద్ద అవుతుంది. కాల్చకపోతే పోగులు ముళ్ళలా పొడుచుకొస్తాయి. జరీ కొసలు చేతి పక్క కుట్టులోకి పంపి, లోపల మెత్తటి నూలు లైనింగు వేయడం తప్ప వేరే దారి లేదు. పండగపూట పిల్లలు జాకెట్టు విప్పేయమని ఏడుస్తుంటే మొండితనం అనుకోకుండా ఒకసారి చంక దగ్గర వేలు పెట్టి చూడండి.

ఇప్పటిదాకా అందం గురించి, గీసుకోవడం గురించి మాట్లాడాను. ఊడిన పోగుతో అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. చంటిపిల్లల మేజోళ్ళలో, చేతి తొడుగుల్లో, పొడుగు చేతుల జుబ్బాల్లో లోపల వేలాడే పోగు పిల్లల కాలివేలికో చేతివేలికో చుట్టుకుంటుంది. పిల్ల కాళ్ళు ఆడించేకొద్దీ బిగుస్తుంది. వేలికి రక్తం అందదు. డాక్టర్లకి బాగా తెలిసిన విషయమే ఇది, తల్లి తలవెంట్రుక వల్ల కూడా జరుగుతుంది. పాలు తాగింది, తడి లేదు, జ్వరం లేదు, అయినా గుక్కపట్టి ఏడుస్తోందంటే బట్టలు విప్పి వేళ్ళన్నీ చూడండి. ఏ వేలైనా వాచి ఎర్రగానో నీలంగానో ఉండి, దారం గీత కనపడితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వాపులో దారం కూరుకుపోతే ఇంట్లో తీయడం కుదరదు. అందుకే చంటిపిల్లల జుబ్బాలకి చేతుల చివర రిబ్బను వేయకపోవడమే నా సలహా.

మెడ దగ్గర కట్టే రిబ్బన్ల గురించి కూడా చెప్పాలి. అమెరికాలో పిల్లల జాకెట్ల టోపీల తాళ్ళు పార్కుల్లో జారుడుబల్లలకీ, నడుము తాళ్ళు స్కూలు బస్సుల తలుపులకీ చిక్కుకుని పిల్లలు చనిపోయారు. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ 1996లో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్నపిల్లల పైదుస్తులకి మెడ దగ్గర లాగి బిగించే తాళ్ళు అసలు ఉండకూడదని, నడుము దగ్గర ఉంటే బయటికి మూడంగుళాలకు మించి రాకూడదని అందులో చెప్పారు. యూరప్ దేశాల ప్రమాణమూ ఏడేళ్ళలోపు పిల్లల బట్టలకి మెడ దగ్గర అలాంటి తాళ్ళు ఒప్పుకోదు. ఇంట్లో కుట్టేవాళ్ళని ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. అయినా కారణం మనకీ వర్తిస్తుంది. ఉయ్యాల గొలుసు ఉంది, మూడు చక్రాల సైకిలు ఉంది, బండి వెనక చక్రం ఉంది. మెడ దగ్గర ముడివేసే రిబ్బను బదులు బొత్తామో ప్రెస్ బటనో పెట్టండి. రిబ్బను సరదా ఉంటే బొత్తాం మీద తోకలేని బో కుట్టండి. జుబ్బాలకి కట్టు తప్పకపోతే పక్కన, చంక కింద పెట్టండి, ఒక ముడికి సరిపడా పొడుగు ఉంటే చాలు. ఆ కట్టు కొస మడిచి కుట్టాల్సిందే. పళ్ళొచ్చే వయసు పిల్లలు చేతికందిన రిబ్బనునల్లా నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు. చొంగకి తడిసిన కొస మామూలు కంటే తొందరగా ఊడుతుంది, ఆ పోగులు నోట్లోకి పోతాయి. బో అయితే కుట్టేశాక మీ బలం కొద్దీ ఒకసారి లాగి చూడండి. మీ చేతికి ఊడి వచ్చేది పాప చేతికీ వస్తుంది.

ఉతుకు గురించి కొంచెం. గుడ్డ నూలుదైతే కుట్టకముందే నానబెట్టి ఆరేయండి. నూలు కుంచించుకుపోతుంది, పాలియెస్టరు రిబ్బను పోదు. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకులోనే రిబ్బను ఉబ్బెత్తుగా లేచి, కుట్లు లాగి, కొసల మీద బరువు పడుతుంది. ఎరుపు, మెరూన్ రిబ్బన్లని గోరువెచ్చటి నీళ్ళలో తడిపి తెల్లగుడ్డతో తుడిచి చూడండి. రంగు అంటితే తెల్ల గౌనుకి వేయొద్దు. ఇస్త్రీ పెట్టె మీద చుక్కలుంటాయి. ఒక చుక్క 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, మూడు 200. నూలు గౌనుకి మూడు చుక్కలు పెట్టి ఆ ఊపులో రిబ్బను మీదికి పోతే శాటిన్ ముడుచుకుపోతుంది. రిబ్బను దగ్గర రెండు చుక్కలకి మించకుండా, పైన పలచటి గుడ్డ వేసి చేయండి. మన ఇళ్ళల్లో ఇంకా బండ మీద కొట్టి ఉతకడం, బ్రష్షు పెట్టి రుద్దడం ఉంది. కాల్చి వదిలేసిన కొస ఆ రాపిడికి పగిలి మళ్ళీ ఊడుతుంది. మడిచి కుట్టిన కొస తట్టుకుంటుంది. గౌను తిరగేసి, చేత్తో పిండి ఉతకండి.

పని ఎక్కువనిపిస్తే ఇలా చేయండి. రిబ్బను తక్కువ వేయండి. చుట్టూ మూడు వరసలు వేసి కొసలు వదిలేసిన గౌను కంటే, ఒక్క వరస వేసి పక్క కుట్టులో దాచిన గౌను ఎక్కువ రోజులు కొత్తగా ఉంటుంది. పెద్దపాప వేసిన గౌను చిన్నపాపకి కూడా వస్తుంది.

ఇంట్లో ఇప్పటికే కుట్టి ఉన్నవి కూడా ఉంటాయి కదా. పిల్లల బట్టలు ఆరేసి తీసేటప్పుడు ఒక్కొక్కటీ లోపలి వైపుకి తిరగేసి, కుట్ల వెంబడీ రిబ్బను కొసల వెంబడీ వేలితో తడిమి చూడండి. వేలాడే పోగు తగిలితే లాగకండి, కత్తెరతో కుట్టు మొదట్లో కోసేసి, ఆ కొస మడిచి రెండు కుట్లు వేశాకే బీరువాలో పెట్టండి.